ఆ వణుకు ఎవరిది?

బండి వణికితే రోడ్డును తిట్టుకుంటాం. చెయ్యి వణికితే వయసును తిట్టుకుంటాం. రెండూ ఒకేసారి వణికితే..? సోమందేపల్లిలోని ఓ నేతన్న ఇంట్లో అదే జరిగింది. తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆ ఇంటికి ఏడు నెలలు పట్టింది. తెలిశాక బాగు చేయడానికి పట్టింది మాత్రం ఒక్క పూటే!

*

అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే హైవే మీద పెనుకొండ దాటగానే వచ్చే ఊరు సోమందేపల్లి. ఒకప్పుడు ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు నలభై నాలుగో నంబరు. నంబరు మారింది, దారి వెడల్పయింది. జిల్లా పేరూ మారింది. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి విడిపోయి శ్రీసత్యసాయి జిల్లా అయింది. మారనిది ఒకటుంది. ఇక్కడ ఏ పని కావాలన్నా రోడ్డెక్కాల్సిందే. కూరగాయల నుంచి పెళ్లి బట్టల దాకా అయితే హిందూపురం, ఆఫీసు పనులకైతే పెనుకొండ, పట్టుచీరల బేరానికైతే ధర్మవరం. ఆ మూడు ఊళ్ల మధ్య తిరగడానికి ప్రతి ఇంటికీ ఓ బండి.

బండి అంటే ఇక్కడ షికారుకు వెళ్లేది కాదు. వేరుశనక్కాయల మూట దాని మీదే వస్తుంది. పట్టు నూలు దాని మీదే వస్తుంది. నేసిన చీరలు గుడ్డలో చుట్టుకుని దాని మీదే షావుకారు దగ్గరికి పోతాయి. జ్వరమొచ్చిన బిడ్డ, పుట్టింటికి పోయే కూతురు, వాళ్లూ దాని మీదే. మన దేశంలో వంద సీసీ, నాలుగు స్ట్రోకుల బండ్లు 1985లో హీరో హోండా సీడీ 100తో ఊరూరా అడుగుపెట్టాయి. లీటరు పెట్రోలుతో ఎంత దూరం పోతుందన్నదే అప్పటి నుంచీ కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న, ఎన్నేళ్లొస్తుంది? ఆ రెండో ప్రశ్నకు జవాబుగా ఇరవయ్యేళ్లు దాటిన బండ్లు ఈ పల్లెల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

ఈ కథలోని బండీ అలాంటిదే. నేతన్నకు అరవై రెండేళ్లు. గుంత మగ్గం మీద పట్టుచీర నేస్తాడు. ఇరవై రెండేళ్ల కిందట రెండు చీరల లాభం, భార్య చెవి కమ్మలు కలిపి కొన్న వంద సీసీ బండి. ఇంజిను ఒకసారి బోరు చేయించాడు. సీటు రెండుసార్లు కుట్టించాడు. అంతే. మిగతాదంతా కొన్నప్పటిదే.

చెప్పుకోలేని భయం

మొదట్లో అది చిన్న అదురు. హైవే మీద నలభై కిలోమీటర్ల వేగం దాటగానే అరచేతుల్లో ఏదో కదిలినట్టుండేది. యాభై దాటితే పోయేది. మళ్లీ తగ్గించేటప్పుడు వచ్చేది. కొన్ని వారాలకు హ్యాండిలు కళ్లకు కనిపించేలా అటూ ఇటూ ఊగడం మొదలైంది.

అదే రోజుల్లో మగ్గం మీద ఇంకో ఇబ్బంది. పడుగులో పోగు తెగితే పట్టుకుని అతకాలి కదా! నలభై ఏళ్లుగా చూడకుండా చేసిన పని అది. ఇప్పుడు తెగిన పోగు ఒకపట్టాన దొరకడం లేదు. దొరికినా ముడి జారిపోతోంది. ఆయన రెండింటినీ కలిపి చూసుకున్నాడు. బండి మీద చేతులు వణుకుతున్నాయి. మగ్గం మీద పోగు జారుతోంది. ఇంకేముంది, చేతులే పోతున్నాయి!

నేతగాడికి చేతులు పోవడమంటే ఏమిటో వేరే చెప్పాలా? కాళ్లు నొప్పులైతే కాసేపు ఆగి తొక్కుతాడు. నడుము పట్టేస్తే దిండు పెట్టుకుంటాడు. చెయ్యి వణికితే మాత్రం మగ్గం దిగాల్సిందే. పట్టుచీర మీద ఒక్క పోగు తప్పినా షావుకారు మడత విప్పి వెలుతురుకు పట్టి చూపిస్తాడు. కూలి కోస్తాడు. ఊళ్లో వణుకుడు రోగంతో మంచం పట్టిన ఒకరిద్దర్ని ఆయన చూశాడు. అందుకే ఎవరికీ చెప్పలేదు. భార్యకూ చెప్పలేదు.

చెప్పకపోయినా నడక మారింది. ధర్మవరానికి బస్సులో పోవడం మొదలుపెట్టాడు. అడిగితే ‘పెట్రోలు రేటు చూసినావా’ అనేవాడు. హిందూపురం పనులు చిన్నకొడుక్కి అప్పగించాడు. మనవరాలు ముందు కూర్చుంటానని మారాం చేస్తే ‘ఎండగా ఉంది’ అని తప్పించుకునేవాడు. ఎండాకాలం పోయి వానలొచ్చినా అదే మాట.

చిన్నకొడుకు ఎర్రమంచి దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఓ కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. 2019లో అక్కడ కియా కార్ల తయారీ మొదలయ్యాక ఈ చుట్టుపక్కల పిల్లలు చాలామంది మగ్గం వదిలి ఆ దారి పట్టారు. అతను రోజూ పోయేది కంపెనీ బస్సులోనే. ఓరోజు బస్సు తప్పిపోయింది. నాన్న బండి తీశాడు. తెల్లారి ఇంటికొచ్చి బండి స్టాండు వేస్తూనే అరిచాడు.

‘నాయనా, ఈ బండిని ఎట్ల తోల్తాండావు? హ్యాండిలు చేతిలో నిలబడల్యా!’

మగ్గం గుంతలో కూర్చున్న ఆయన చప్పున లేచి బయటికొచ్చాడట. కొడుకు తిడుతున్నాడని కాదు. ఒకే ఒక్క మాట అడిగాడు.

‘నీకు గూడా వణికిందా?’

ఆ మాటలో అంత ఆత్రం ఎందుకుందో కొడుక్కి అప్పుడు అర్థం కాలేదు. సాయంత్రం అమ్మతో మాట్లాడాక అర్థమైంది.

మొదటి పరీక్ష: మనిషిని మార్చడం

ఆ కొడుకు తెలియకుండానే చేసిన పని, మెకానిక్కులు తెలిసి చేసే మొదటి పరీక్ష. బండి వణుకుతోందని ఎవరైనా వస్తే అనుభవమున్న మెకానిక్ వెంటనే స్పానరు పట్టుకోడు. తాళం అడుగుతాడు. తను ఓ రౌండు వేసి వస్తాడు. నడిపే మనిషి మారినా వణుకు మారకపోతే జబ్బు బండిదే.

తర్వాతి ప్రశ్న, బండిలో ఎక్కడిది? ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఈ ఇంట్లోనూ అంతే అయింది. దగ్గర్లోని షాపులో చూపిస్తే ముందు టైరు మార్చమన్నారు. మార్చారు. వారం తర్వాత ముందు షాకబ్జర్లలో ఆయిలు పోయించారు. వణుకు అలాగే ఉంది. అప్పుడు ఎవరో చెబితే హిందూపురంలో యాభై దాటిన ఓ మెకానిక్ దగ్గరికి తీసుకుపోయారు.

ఆయన ఖాళీ రోడ్డు చూసుకుని బండిని నలభై ఐదు దాకా తీసుకుపోయాడు. వణుకు మొదలవగానే ఎక్సలేటరు వదిలి క్లచ్చి పట్టాడు. ఇంజిను చప్పుడు తగ్గిపోయింది, బండి ఊరికే జారుతోంది. వణుకు మాత్రం ఆగలేదు. తిరిగొచ్చి ఇంజిను దగ్గర చెయ్యి కూడా పెట్టలేదు.

దీని వెనకున్న లెక్క చాలా సులువు. ఇంజిను నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు అరవై ఆరు సార్లకు పైనే. అంత వేగంగా వచ్చే అదురు తుమ్మెద రొదలా ఉంటుంది. అరచేతులు తిమ్మిరెక్కుతాయి, అద్దంలో బొమ్మ మసకబారుతుంది. కానీ ఊపులు లెక్కపెట్టలేం. చక్రం సంగతి వేరు. పద్దెనిమిది అంగుళాల రిమ్మున్న ఈ బండ్లలో టైరు చుట్టుకొలత సుమారు 1.85 మీటర్లు. నలభై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పదకొండు మీటర్లు. అంటే చక్రం సెకనుకు ఆరుసార్లు తిరుగుతుంది. ఆ వణుకు కంటికి కనిపిస్తుంది, చేతికి కుదుపులా తగులుతుంది.

మరి నలభై దగ్గరే ఎందుకు వస్తుంది, యాభై దాటితే ఎందుకు పోతుంది? ఉయ్యాలను చూడండి. దాని ఊపు వేళకు సరిగ్గా తోస్తే ఆకాశానికి పోతుంది. వేళ తప్పి తోస్తే ఆగిపోతుంది. బండి హ్యాండిలుకూ ముందు చక్రానికీ కలిపి అలాంటి సొంత ఊపు ఒకటుంటుంది. మోటారు సైకిళ్లలో అది మామూలుగా సెకనుకు నాలుగు నుంచి పది సార్ల మధ్య. చక్రంలో ఉన్న చిన్న వంకర తిరుగుడు ఆ ఊపుకు సరిగ్గా జతకలిసిన వేగంలో హ్యాండిలు ఆడటం మొదలుపెడుతుంది. కీళ్లు గట్టిగా ఉన్న బండి దాన్ని మింగేస్తుంది. కీళ్లు వదులైన బండి బయటికి చూపిస్తుంది.

కీలు కీలూ చూడాలి

‘కీళ్లు’ అంటే మెకానిక్ చూసేవి ముఖ్యంగా మూడు చోట్ల. చక్రాల బేరింగులు, హ్యాండిలు మెడలోని కోన్ సెట్, వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ బుష్షులు. వీటి ముందు టైరు గాలి, టైరు మీద ఉబ్బు, రిమ్ము వంకర, వదులైన స్పోకులు చూసుకోవాలి. ఖర్చు లేనివి ముందు, ఖర్చయ్యేవి తర్వాత.

సెంటర్ స్టాండు వేసి, ఇంజిను కింద దిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపాడు మెకానిక్. చక్రాన్ని పైన ఓ చేత్తో, కింద ఓ చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. ఇరుసు దగ్గర ‘కటక్’మంటే చక్రం బేరింగు పోయినట్టు. ఇక్కడ ఏమీ లేదు. చేత్తో తిప్పి వదిలి, పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇరుసు దగ్గర ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. డాక్టరు స్టెతస్కోపు లాంటిదే. మంచి బేరింగు గాలి వీచినట్టు సన్నగా తిరుగుతుంది. అరిగింది ఇసుక నమిలినట్టు గరగరలాడుతుంది.

తర్వాత ముందు షాకబ్జర్ల రెండు కాళ్లనూ కింద పట్టుకుని తనవైపు లాగి, వెనక్కి నెట్టాడు. కొడుకును హ్యాండిలు మెడ కింద, కదిలే భాగం కదలని భాగం కలిసే చోట వేలు పెట్టమన్నాడు. ‘టక్... టక్...’ వేలికి తెలిసింది. ఇంకో పరీక్ష. చక్రం గాల్లో ఉండగానే హ్యాండిలును ఒక్క వేలితో ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పాడు. సరిగ్గా నడిమధ్యకు రాగానే గుంతలో పడ్డట్టు ఆగింది. కొంచెం నెడితే మళ్లీ కదిలింది.

‘సూడన్నా, బండి తిన్నగా పోయే చోటే దీనికి గుంత పడుండాది. అందుకే తిన్నగా పోల్యాక తల ఊపుతాంది’ అన్నాడు.

ఆ గుంత ఎలా పడుతుంది? హ్యాండిలు మెడలో పైనొకటి, కిందొకటి ఉక్కు గిన్నెలుంటాయి. వాటి మధ్య ఉక్కు గోళీలు వరుసగా పేర్చి ఉంటాయి. చక్రం బేరింగులో గోళీలు చుట్టూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి అరుగుదల అన్ని చోట్లా పంచుకుంటుంది. మెడలోని గోళీలకు ఆ అదృష్టం లేదు. బండి నూటికి తొంభై పాళ్లు తిన్నగానే పోతుంది. గోళీలు ఉన్నచోటే ఉండి గతుకు గతుకుకూ దెబ్బ తింటాయి. ఒకేచోట సుత్తితో కొట్టినట్టు గిన్నెలో చిన్న చిన్న గుంతలు పడతాయి. ఉక్కు గోళీతో నొక్కి, పడిన గుంతను బట్టి లోహం గట్టితనాన్ని కొలిచే పద్ధతిని 1900లో స్వీడన్ ఇంజినీరు జోహన్ ఆగస్ట్ బ్రినెల్ లోకానికి చూపించాడు. అందుకే బేరింగుల్లో పడే ఇలాంటి గుంతలకు ఇంజినీర్లు ఆయన పేరే పెట్టారు.

విచిత్రమేమిటంటే, నడవకుండా అదిరినా బేరింగు పాడవుతుంది. 1930లలో అమెరికాలో కొత్త కార్లను రైళ్లలో దూర ప్రాంతాలకు పంపితే, దించేసరికే చక్రాల బేరింగుల్లో మచ్చలు కనిపించేవి. చక్రం తిరగలేదు, రైలు అదురుకు గోళీలు ఉన్నచోటే కదిలాయి. కదిలిన చోట గ్రీజు పక్కకు జరిగింది, ఉక్కు ఉక్కును రాసుకుంది. ఇరవయ్యేళ్ల బండి మెడలో జరిగేదీ దాదాపు ఇదే. పైగా మనం బండిని వాటర్ సర్వీసుకిచ్చి, పైపు ధార సరిగ్గా ఆ మెడ మీదే కొట్టిస్తాం. బండి తళతళలాడుతుంది. లోపల గ్రీజు కొట్టుకుపోయి తుప్పు మొదలవుతుంది.

వెనక కీలూ చూశాడు మెకానిక్. వెనక చక్రాన్ని కాదు, దాన్ని పట్టుకున్న స్వింగ్ ఆర్మ్ చివర పట్టుకుని పక్కకు నెట్టాడు. అది ఫ్రేముకు కలిసే చోట సన్నగా కదిలింది. ఈ బండ్లలో అక్కడ ఉండేవి ఉక్కు గోళీలు కావు, రబ్బరు బుష్షులు. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు ఎండి పగులుతుంది. అది పోతే వంపుల్లో వెనక చక్రం ఓ దారి, ముందు చక్రం ఓ దారి అన్నట్టుంటుంది. టైరు ఎక్కడ తప్పు చేసిందో పాపం! మార్చిన కొత్త టైరుదీ, పోసిన ఆయిలుదీ ఏ తప్పూ లేదు.

మగ్గం ఇంట్లోంచి వచ్చిన బేరింగు

బేరింగు కోసం ఎదురుచూస్తూ ఆ నేతన్న షాపు ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. ఈనాటి బేరింగు కథలో ఓ ముఖ్యమైన మలుపు బట్టల మిల్లులోనే జరిగింది.

గోళీల బేరింగుకు 1794లోనే వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ పేటెంటు తీసుకున్నాడు. ఆయన దాన్ని తలపెట్టింది బండి ఇరుసు కోసం. 1869లో పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన సైకిల్ పందెంలో గోళీల బేరింగులున్న సైకిలు మీద జేమ్స్ మూర్ గెలిచాక వాటి పేరు మోగింది. ఆ తర్వాత స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఓ బట్టల మిల్లు. మిల్లు కట్టింది బంకమట్టి నేల మీద. నేల మెల్లగా కుంగుతుంటే యంత్రాలను తిప్పే పొడవాటి ఇరుసులు వంకరపోయేవి. బేరింగులు మాటిమాటికీ పగిలేవి. మిల్లు ఆగిపోయేది. ఆ తలనొప్పి భరించలేక అక్కడి ఇంజినీరు స్వెన్ వింగ్‌క్విస్ట్, ఇరుసు కొంచెం వంగినా దానికి తగ్గట్టు తానే సర్దుకునే బేరింగును 1907లో తయారుచేశాడు. అదే ఏడు మొదలైన ఎస్‌కేఎఫ్ కంపెనీ నేటికీ ప్రపంచంలోని పెద్ద బేరింగు కంపెనీల్లో ఒకటి. నేత ఆగకూడదన్న తపన నుంచి పుట్టిన వస్తువన్నమాట!

బేరింగు మీద చెక్కిన అంకెలకూ ఓ భాష ఉంది. చక్రాల బేరింగు మీద 6301 అనో 6202 అనో ఉంటుంది. చివరి రెండంకెలు లోపలి రంధ్రం కొలత చెబుతాయి. 01 అంటే పన్నెండు మిల్లీమీటర్లు, 02 అంటే పదిహేను, 03 అంటే పదిహేడు. 04 నుంచి పైకి ఆ అంకెను ఐదుతో హెచ్చిస్తే చాలు. ఈ నంబరు కాగితం మీద రాసుకుపోతే ఏ ఊళ్లోని స్పేర్ పార్టుల షాపైనా సరైనదే ఇస్తుంది. నకిలీలు తిరిగే చోట పేరున్న కంపెనీది, పెట్టె సీలు తెరవనిది చూసి కొనడం మన పని.

బిగువు తెలిసినవాడికే పని

కోన్ సెట్ వచ్చింది. గోళీలు ఒక్కటే మార్చి పాత గిన్నెలు అలాగే ఉంచితే లాభం లేదు. గుంత ఉన్నది గిన్నెలోనే కదా! పైనా కిందా గిన్నెలు, గోళీలు అన్నీ మార్చాడు మెకానిక్. గ్రీజు దట్టంగా పూసి, అందులో గోళీలను ఒక్కొక్కటే గుచ్చినట్టు పేర్చాడు. వెనక బుష్షులు కూడా కొత్తవి వేశాడు. అన్నీ కలిపి అయిన ఖర్చు, వాళ్లు అంతకుముందు అనవసరంగా మార్చిన టైరు ఖరీదు కంటే తక్కువే.

అసలు పనితనం బిగించడంలో ఉంది. వదులుగా ఉంటే మళ్లీ ‘టక్ టక్’. మరీ బిగిస్తే ఇంకో ప్రమాదం. హ్యాండిలు తనంతట తాను తిన్నగా రాదు, మెల్లగా పోయేటప్పుడు బండి తాగినవాడిలా అటూ ఇటూ తూలుతుంది. కొత్త గిన్నెలూ త్వరగా పాడవుతాయి. సరైన బిగువుకు గుర్తేమిటంటే, ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు హ్యాండిలును మధ్య నుంచి ఓ వేలితో తాకి వదిలితే దాని బరువుకు అదే మెల్లగా పక్కకు వాలాలి. ముందుకూ వెనక్కూ లాగితే మాత్రం కదలకూడదు.

అది చూసి నేతన్న నవ్వాడట. ‘పడుగు గూడా ఇంతే కదప్పా! వదులైతే బట్ట పలచనవుతాది, బిగిస్తే పోగు తెగుతాది’ అన్నాడు. ‘అయితే నీకు నేను చెప్పే పని ల్యా. వారం తిరిగినాక ఒకసారి తీసుకురా, కొత్తవి సర్దుకుంటాయి, మళ్ల బిగిస్తా’ అన్నాడు మెకానిక్.

హ్యాండిలు ఊగితే...

బండి పాతదైనా కొత్తదైనా, నడుస్తుండగా హ్యాండిలు ఊగడం మొదలైతే భయంతో చేసే పనులే ప్రమాదం తెస్తాయి. హ్యాండిలును బిగపట్టి కుస్తీ పట్టకూడదు. ముందు బ్రేకు గట్టిగా నొక్కకూడదు. ఎక్సలేటరు మెల్లగా వదలాలి. మోకాళ్లతో ట్యాంకును అదిమి పట్టుకుని, ఒంటి బరువు కొంచెం ముందుకు వేయాలి. వేగం తగ్గేదాకా బండిని తిన్నగా పోనివ్వాలి. చేతులు వదిలేసి చూద్దామనే సాహసం అసలే వద్దు.

బరువు సంగతి కూడా. మూట ఎంత వెనక్కి కడితే ముందు చక్రం అంత తేలికవుతుంది. తేలికైన ముందు చక్రం చిన్న కారణానికే తల ఊపుతుంది. వెనక ఇరుసుకు అవతల వేలాడేలా శనక్కాయల మూట కట్టి, ముగ్గురు ఎక్కి హైవే మీద పోవడం మన దగ్గర రోజూ చూసేదే. అరిగిన కోన్ సెట్‌కు ఆ బరువు తోడైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ నేతన్న భయపడి మనవరాలిని ఎక్కించుకోలేదు. కారణం తప్పుగా అనుకున్నా, ఆ భయమే మేలు చేసింది.

పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అప్పుడు బండిని అధికారులకు చూపించాలి. చాలామంది ఆ రోజు కోసం లైట్లు, హారను సరిచేయించి తీసుకుపోతారు. కీళ్లు కూడా చూపించుకోవడానికి అంతకన్నా మంచి సందర్భం ఏముంటుంది?

రెండు లక్షణాలు... రెండు కారణాలు

బండి బాగైంది. హైవే మీద నలభై, నలభై ఐదు, యాభై... హ్యాండిలు కదల్లేదు. మరి మగ్గం మీద జారే పోగు సంగతి?

అది మాత్రం బాగవలేదు. బండితో పాటు అదీ పోతుందని ఎదురుచూసిన ఆయన మళ్లీ డీలా పడ్డాడు. ఈసారి కొడుకు ఊరుకోలేదు. డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు ఆయన్ను రెండు చేతులూ చాపి ఉంచమన్నాడు. ఒళ్లో పెట్టుకుని వదులుగా ఉంచమన్నాడు. గ్లాసుతో నీళ్లు తాగమన్నాడు. కాగితం మీద సున్నాలు చుట్టమన్నాడు. ఏ పనిలో వణుకు వస్తుంది, ఊరికే ఉన్నప్పుడు వస్తుందా, ఒక చేతికే వస్తుందా అని చూడటమే ఆ పరీక్షల ఉద్దేశం. మెకానిక్ క్లచ్చి పట్టి చూసింది ఎందుకో, ఇదీ అందుకే. వణుకంటే ఒక్కటే జబ్బు కాదు. థైరాయిడు ఎక్కువైనా, కొన్ని మందుల వల్లా, వంశంలో ఉన్నా చేతులు వణకొచ్చు. చాలావాటికి మందుంది.

ఆయన చేతుల్లో వణుకే లేదు. డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమంటే మూడో వరుస దగ్గర ఆగిపోయాడు. కళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. ఎడమ కంట్లో శుక్లం మొదలైంది. దగ్గరి చూపుకు అద్దాలు కావాలి. పోగు జారింది వేళ్ల నుంచి కాదు, చూపు నుంచి!

ఏడు నెలల పాటు ఆయన రెండు వేర్వేరు అరుగుదలలను కలిపి ఒకే పెద్ద జబ్బుగా మోశాడు. ఒకటి ఉక్కు గిన్నెలో పడిన గుంత. ఇంకొకటి కంటికి కమ్మిన పొర. మూడోది, అసలైంది, ఎవరికీ చెప్పకపోవడం. ‘మగ్గం దిగమంటారేమోనని చెప్పల్యా’ అన్నాడట ఆ రాత్రి భార్యతో. ‘దిగమనే దానికి మేమెవరం? అద్దాలు పెట్టుకుని నెయ్యి’ అందట ఆమె.

పాత గిన్నెలను మెకానిక్ దగ్గర్నుంచి అడిగి తెచ్చుకున్నాడు నేతన్న. గోళీల వరుస ఎలా ఉండేదో అలాగే, చుట్టూ చుక్కల ముగ్గులా గుంతలు. కొత్త అద్దాలు పెట్టుకుని వాటిని మనవరాలికి ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూపించాడు.

మీ ఇంట్లోనూ పదేళ్లు దాటిన బండి ఉందా? ఈ ఆదివారం దాన్ని కడిగే ముందు ఓసారి సెంటర్ స్టాండు వేయండి. ఒకరు వెనక కూర్చుంటే ముందు చక్రం లేస్తుంది. హ్యాండిలును ఒక్క వేలితో తిప్పి చూడండి. నడుమ ఎక్కడైనా ఆగిందా? షాకబ్జర్ల కాళ్లు పట్టుకుని లాగి చూడండి. ‘టక్’మందా? చక్రాలను పట్టుకుని ఊపి చూడండి. ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఆ పక్కనే ఆ బండిని ఇన్నేళ్లు తోలిన మనిషి కూర్చుని ఉంటాడు. ఆయన్నూ ఓ మాట అడగండి, ఈ మధ్య ఎలా ఉంటోందని. బండి గురించే కాదు.